అమ్మడానికి మోసుకెళ్ళిన పెట్టె

హైదరాబాదు మా ఊరివాళ్ళకు కొత్తేమీ కాదు. దవాఖానకు పోతారు, పెళ్ళిబట్టలకు పోతారు, ఆఫీసుల చుట్టూ తిరగడానికి పోతారు. తలనొప్పి పట్టుకుని తిరిగి వస్తారు. ఏం చూసి వచ్చారని అడిగితే "ఏముంది, జనం" అంటారు. నేనూ ఇన్నాళ్ళూ అదే చెప్పాను. ఈసారి అట్లా చెప్పి ఊరుకోలేను. అబిడ్స్‌కూ నాంపల్లికీ మధ్య నాలుగు రోజులు తిరిగి, పోయేటప్పుడు గుండెలో ఉన్న బరువు అక్కడే దించి వచ్చాను. పోనివాళ్ళ కోసం రాస్తున్నాను. పోయి కూడా చూడనివాళ్ళు చదివినా నాకు అభ్యంతరం లేదు.

ముందు నా సంగతి. మాది మెదక్ దిక్కు ఊరు. నేను మిషన్ బడిలో ఆయాగా పనిచేశాను. గంట కొట్టడం, గదులు ఊడవడం, చిన్న పిల్లల ముక్కులు తుడవడం నా పని. నల్లబల్ల మీద పంతుళ్ళు రాసిందంతా రోజూ సాయంత్రం నేనే చెరిపేదాన్ని. ఏం చెరుపుతున్నానో తెలియదు. పని నుంచి దిగిపోయాక మా పాస్టరమ్మ గారు పెద్దవాళ్ళకు సాయంత్రం బడి పెడితే, అప్పుడు పలక పట్టాను. ఇప్పుడు చదువుతాను, రాస్తాను. తొందరగా మాత్రం కాదు. తప్పులూ పోతాయి. ఆ తప్పుల్లో ఒకటి ఈ ప్రయాణంలోనే జరిగింది, దాని వంతు వచ్చినప్పుడు చెబుతాను.

పెట్టె ఎందుకు కదిలింది

నా తమ్ముడు దేవదానం. ఊళ్ళో సైకిళ్ళు బాగుచేసేవాడు. ఆదివారం వస్తే గుడిలో హార్మోనియం వాయించేవాడు. పెట్టె గుడిది కాదు, వాడిదే. పెళ్ళికి ముందు, సైకిల్ షాపు సంపాదనతో కొన్నాడు. పెళ్ళాం కంటే ముందు ఇంటికి వచ్చింది అదే అని మా మరదలు బతికున్నన్నాళ్ళు దెప్పేది.

మొన్నటి ఈస్టరుకు సంఘం వాళ్ళంతా చందాలేసి కీబోర్డు కొన్నారు. పాస్టరు గారి కోడలు గ్రేస్ వాయిస్తుంది. నర్సు ఉద్యోగం, చురుకైన పిల్ల, బాగా వాయిస్తుంది. నా తమ్ముణ్ణి లెమ్మని ఎవరూ అనలేదు. కూర్చోమని కూడా ఎవరూ అనలేదు. పెట్టెను మూలకు జరిపారు. మా దగ్గర ఆడవాళ్ళు పొయ్యి మీద ఎసరు పెట్టేముందు ఒక పిడికెడు బియ్యం పక్కకు తీసి, వారమంతా కూడబెట్టి, ఆదివారం కానుకగా గుడికి తెస్తారు. ఆ బియ్యం పోసే గంప ఉండేది ఆ మూలనే.

కొన్నాళ్ళకు పెట్టెకు జబ్బు చేసింది. గాలి తిత్తి కదిలిస్తే చాలు, ఏ మెట్టూ నొక్కకుండానే ఒక స్వరం దానంతట అదే మూలుగుతుంది. దేవదానం దాన్ని ఇంటికి తెచ్చుకున్నాడు. బాగుచేయలేదు. సైకిల్ చైను ఎక్కడ తెగిందో చీకట్లో చేత్తో తడిమి చెప్పగలిగినవాడు, పెట్టె మూత కూడా విప్పలేదు. అరుగు మీద కూర్చుని రోడ్డు చూసేవాడు.

"ఇగ నేనెందుకక్కా," అన్నాడు ఒకరోజు.

"ఎందుకు పుట్టినవో అమ్మను అడుగుదామంటే అమ్మ లేదు. లేచి అన్నం తిను," అన్నాను. నా నోరు అంతే.

కానీ భయం వేసింది. ఆ మాట అన్నవాళ్ళను నేను చూశాను. ముందు పని మానేస్తారు, తర్వాత తిండి మానేస్తారు, తర్వాత మనం వాళ్ళ కోసం పాటలు పాడాల్సి వస్తుంది.

పాటలంటే, నా సంగతీ బాగా లేదు. ఆ ఈస్టరు నుంచే నా గొంతు పోయింది. పాట పైకి వెళ్ళేచోట ఎండుపుల్లలా విరిగిపోతుంది. నా పక్కన కూర్చునే శాంతమ్మదీ అంతే, మా వయసువాళ్ళందరిదీ అంతే. ముసలితనం అందరికీ ఒకేసారి వచ్చి మీద పడిందనుకున్నాం. ఒకరితో ఒకరం చెప్పుకోలేదు. పెదవులు కదుపుతూ కూర్చునేవాళ్ళం. దేవుడికి తెలియదా అంటే తెలుసు, కానీ ఆయన ఎవరితోనూ చెప్పడు.

చలి మొదలయ్యే ముందు దేవదానం అన్నాడు, "పట్నం పోయి పెట్టె అమ్మేసొస్తా." ఒక్కణ్ణి పంపితే ఎవడు ఎంతిస్తే అంతకు ఇచ్చేసి, ఖాళీ చేతులతో తిరిగొచ్చి అదే అరుగు మీద కూర్చుంటాడు. ఇక లేవడు. నేనూ వస్తానన్నాను.

"నువ్వెందుకు?"

"బోర్డులు చదవనీకి," అన్నాను. వాడు ఐదో తరగతి చదివాడు. అయినా పెట్టె చుట్టడానికి దుప్పటి వెతకబోయాడు.

బస్సులో దూడ

శనివారం పొద్దున బస్సెక్కాం. పెట్టెను దుప్పట్లో చుట్టి తువ్వాలతో కట్టాం. తిత్తిని మూసి ఉంచే కొక్కెం ఎప్పుడో విరిగిపోయింది. దాంతో బస్సు బ్రేకు వేసినప్పుడల్లా తిత్తి తెరుచుకుని, మూటలోంచి "మ్మ్‌మ్" అని మూలుగు. స్పీడ్ బ్రేకర్ వస్తే రెండుసార్లు.

కండక్టరమ్మ టికెట్లు కొడుతూ మా దగ్గర ఆగింది. "ఏమున్నదమ్మా మూటల? దూడను గిట్ల ఎక్కించిన్రా?"

"హార్మోనియం బిడ్డా."

"మరి అరుస్తున్నది?"

"పానం బాగలేదు."

"దూడకైతే హాఫ్ టికెట్ కొడుతుంటి," అంది. బస్సంతా నవ్వారు. "పట్నం దవాఖానకా?"

"అమ్మనీకి," అన్నాడు నా తమ్ముడు.

ఆమె నవ్వు ఆపి వాడిని ఒకసారి చూసింది. "పానం బాగలేనిదాన్ని ఎవరన్న అమ్ముతరా," అని గొణిగి ముందు సీటుకు పోయింది. ఆ తర్వాత నర్సాపూర్ అడవి దాటేదాకా పెట్టె ఒక్కటే మాట్లాడింది.

నాంపల్లి, బిస్కెట్లు

అబిడ్స్ నుంచి నాంపల్లికి పోయే దారిలో ఒక సందులో వాద్యాల దుకాణం ఉందని మా పాత పాస్టరు గారు చెప్పగా విన్నాం. వెతికి పట్టుకున్నాం. తాళం వేసి ఉంది. పక్కన తాళంచెవులు చేసే ఆయన చెప్పాడు, "సాబ్ షాదీకి పోయిండు. సోమవారం రండి."

దేవదానం వెంటనే వెనక్కి తిరిగాడు. ఇంకో దుకాణంలో పడేద్దాం అన్నాడు. "పడేస్తే మోరీల పడెయ్యి, దుకాణం ఎందుకు," అన్నాను. స్టేషను దగ్గర లాడ్జిలో రెండు మంచాల గది తీసుకున్నాం. మంచాలు బాగానే ఉన్నాయి. రైళ్ళు మాత్రం మా తలగడ కిందినుంచే పోతున్నట్టు ఉన్నాయి.

సాయంత్రం ఇరానీ హోటల్‌కు పోయాం. చాయ్ మా ఊళ్ళో పది రూపాయలు, ఇక్కడ పాతిక. కానీ మా ఊరి చాయ్ కప్పు అడుగు కనిపిస్తుంది, ఇక్కడిది చిక్కగా పాయసంలా ఉంది. పనివాడు అడగకుండానే ప్లేటు నిండా బిస్కెట్లు తెచ్చి ముందు పెట్టాడు. పట్నంలో మర్యాద ఇంకా ఉందే అనుకున్నాను. చుట్టపింటికి పోతే ప్లేటులో వదిలేయడం తప్పు కాబట్టి, ఇద్దరం కష్టపడి మొత్తం తిన్నాం. తీరా పోయేటప్పుడు లెక్క చెబితే తెలిసింది, ఎన్ని తింటే అన్నిటికీ కట్టాలట, మిగిలినవి వాళ్ళే తీసుకుపోతారట. పోనివాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. బిస్కెట్లు మాత్రం బాగున్నాయి, ఉప్పగా, తియ్యగా. ఆ రాత్రి అన్నం అవసరం పడలేదు.

ఆదివారం, చెప్పులతోనే

ఆదివారం గుడి మానడం మాకు చేతకాదు. అబిడ్స్ పక్కన పాత రాతి గుడి ఒకటి కనిపిస్తే అందులోకి పోయాం. నేను వాకిట్లో చెప్పులు విప్పి వెతికాను, ఇంకెవరి చెప్పులూ లేవు. ఇక్కడివాళ్ళు బూట్లతోనే లోపలికి పోతారు. ఎవరైనా ఎత్తుకుపోతారని మళ్ళీ తొడుక్కున్నాను. మా గుడిలో చాపల మీద ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క కూర్చుంటాం. ఇక్కడ బెంచీలు, మొగుడూ పెళ్ళాం పక్కపక్కన. కానుక సంచి వచ్చింది, దాని మీద ఫోనుతో డబ్బు కొట్టే చుక్కల బొమ్మ అంటించి ఉంది. పిడికెడు బియ్యం ఎక్కడ పోస్తారని పక్కావిడను అడిగాను. ఆమె నన్ను జాలిగా చూసింది.

పాట మొదలైంది. నాకు వచ్చిన పాటే. పైకి వెళ్ళేచోటు దగ్గరకు రాగానే నా గొంతు మళ్ళీ విరిగింది. చేసేదేం లేక పెదవులు కదిపాను.

బయటికి వచ్చాక దేవదానం అన్నాడు, "జర ఎక్కువ పైనుంచి ఎత్తుకున్నరు."

ఏదో తెలిసినవాడి గొప్ప అనుకుని నేను పట్టించుకోలేదు.

పాట పుస్తకాలు

ఆదివారం అబిడ్స్‌లో దుకాణాలు మూసి ఉంటాయి. మూసిన షట్టర్ల ముందు, ఫుట్‌పాత్ పొడుగునా పుస్తకాలు పరుస్తారు. నేలంతా పుస్తకాలే. ఇన్ని అక్షరాలు ఒకేచోట నేను ఎప్పుడూ చూడలేదు. ఇవన్నీ ఎవరో కూర్చుని రాశారంటే నాకు నడుము నొప్పి పుట్టింది.

ఒకచోట అట్టముక్క మీద చేత్తో రాసి ఉంది. కూడబలుక్కుని చదివాను. "పాట పుస్తకాలు." నాకు సంతోషమైంది. గుడి పాటల పుస్తకం పాతది చిరిగిపోయింది కదా అని, అమ్మేవాడి ముందు కూర్చున్నాను.

"పాటల పుస్తకాలు ఏవి నాయనా?"

"ఏం పాటలమ్మా? సినిమాలవా?"

"క్రైస్తవ పాటలవి. బోర్డు పెట్టినవు కదా."

అతను బోర్డు చూశాడు, నన్ను చూశాడు. "అమ్మా, అది పాట కాదు, పాత. పాత పుస్తకాలు."

మళ్ళీ చూశాను. నిజమే. త‌ అక్షరాన్ని ట అని చదివాను. నా వెనుక ఏదో చప్పుడైంది, తిరిగి చూస్తే నా తమ్ముడు నవ్వుతున్నాడు. ఈస్టరు తర్వాత వాడు నవ్వడం అదే మొదలు. "బోర్డులు చదవనీకి వచ్చింది," అని అమ్మేవాడితో చెబుతున్నాడు. నవ్వనీ అనుకున్నాను. ఇంకో తప్పు చదవమన్నా చదివేదాన్ని.

పక్కనే ఒక పెద్దమనిషి వంగి కుప్పలో వెతుకుతున్నాడు. తెల్లచొక్కా, చేతిసంచి. హిమాయత్‌నగర్‌లో ఉంటాడట, బ్యాంకులో చేసి రిటైరయ్యాడట. తల్లిదండ్రులు కోస్తా నుంచి ఎప్పుడో వచ్చి ఇక్కడే ఉండిపోయారు, అయినా మాట ఇంకా అటుదే. సన్నని పుస్తకం ఒకటి పైకి తీసి గబగబా పేజీలు తిప్పుతున్నాడు.

"ఏం వెతుకుతున్నవయ్యా?" అన్నాను.

"ఇది నేను రాసిందేనండి. కవిత్వం. ఎవరో అమ్మేసుకున్నారు."

"అయ్యో."

"అయ్యో ఏం లేదండి. ఇదిగో చూడండి, ముప్పై ఆరో పేజీ మూల మడిచారు. ఇక్కడిదాకా చదివారన్నమాట." ఆయన మొహం వెలిగింది. "పోయినసారి దొరికిన దాంట్లో ఒక్క మడత కూడా లేదండి."

"అసలు ఎందుకు రాసినవు?"

"అది తెలిస్తే రెండోది కూడా రాసేవాణ్ణేమోనండి."

దేవదానం కలగజేసుకున్నాడు. "ఆ మడత పెట్టినాయన ఎవరో తెల్సా సారూ?"

"తెలీదండి."

"తెల్వకపోతే ఏం లాభం?"

ఆయన పుస్తకం మూసి దేవదానం వైపు తిరిగాడు. "మీరేం చేస్తుంటారండి?" అని అడిగాడు. హార్మోనియం వాయించేవాడు అని నేను చెప్పాను. "అయితే మీకు వినేవాళ్ళు ఎదురుగానే ఉంటారు కదండీ. నాకు మడతలే." అని అమ్మేవాడి వైపు తిరిగి, తన పుస్తకానికి తనే బేరమాడడం మొదలుపెట్టాడు. ముప్పై చెబితే ఇరవైకి అడిగాడు. అమ్మేవాడు, "కవిత్వం సార్, ఎవరూ కొనరు, పదిహేనివ్వండి," అన్నాడు. ఆయన ముప్పై ఇచ్చి పోయాడు.

నేను పెద్ద పెద్ద అక్షరాల కథల పుస్తకం ఒకటి కొన్నాను. "మనవరాలికా అమ్మా?" అన్నాడు అమ్మేవాడు. "నాకే," అన్నాను.

తెల్ల నాలుగు, తెల్ల రెండు

సోమవారం దుకాణం తెరిచి ఉంది. సాబ్ పేరు ఖాదర్. తెల్లగడ్డం, దారంతో మెడకు వేలాడే కళ్ళద్దాలు. చుట్టూ గోడకు తబలాలు, డోలకులు, తీగలు లేని సితారు ఒకటి. పెళ్ళిలో తిన్న బిర్యానీ ఇంకా అరగలేదని, సోంపు నములుతూ కూర్చున్నాడు.

"అమ్మాల్నా, బాగు చెయ్యాల్నా?"

"అమ్మాలె," అన్నాడు దేవదానం.

సాబ్ తువ్వాల విప్పి తిత్తి లాగాడు. పెట్టె మూలిగింది. "అరె, ఎవరిని పిలుస్తున్నదిది," అని మరలు విప్పి, మెట్లున్న పలకను పైకి లేపి, ఊది, చిన్న చిమటాతో లోపలినుంచి ఏదో తీసి నా అరచేతిలో పెట్టాడు.

"చావల్."

బియ్యపుగింజ. గాలి పోయే తూము మీది మూతకింద ఇరుక్కుని, దాన్ని మూయనివ్వకుండా పట్టుకుందట. ఇంతేనా అన్నాను. ఇంతే అన్నాడు. పిడికెడు బియ్యం సంగతి, మూలనున్న గంప సంగతి చెప్పాను. ఆయనకు నవ్వాగలేదు. "దేవుని బియ్యమైతే పారెయ్యకమ్మా, కొంగుకు కట్టుకో." కట్టుకున్నాను. అది నా పిడికిట్లోనిదే కావచ్చు, ఎవరు చెప్పొచ్చారు.

"బాగైంది కదరా, ఇగ పోదాం పా," అన్నాను తమ్ముడితో.

"బాగైతే జర ఎక్కువకు పోతది. ధర చెప్పు సాబ్."

జబ్బు వల్ల అమ్ముతున్నాడేమో అనుకున్నాను ఇంతసేపూ. జబ్బు పోయినా అమ్ముతానంటున్నాడు.

సాబ్ కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. "రోజూ ఏ మెట్టు నుంచి వాయిస్తవ్ భాయ్? ఎక్కువ వాడిన రీడ్లు అలిసి ఉంటయ్. అవి చూసి చెప్త."

తెలియనివాళ్ళకు చెప్పాలి. పెట్టె మీద తెల్లమెట్లు, నల్లమెట్లు ఉంటాయి. ఎడమవైపు నుంచి లెక్కపెట్టి తెల్ల ఒకటి, తెల్ల రెండు, నల్ల ఒకటి అంటారు. ఏ మెట్టు నుంచి ఎత్తుకుంటే పాట అంత ఎత్తులో నడుస్తుంది. ఎడమకు జరిగితే పాట కిందికి దిగుతుంది. ఇదంతా నాకూ ఆ రోజే తెలిసింది.

"ఎప్పటిది అడుగుతున్నవు సాబ్?" అన్నాడు దేవదానం.

"ఎప్పటిదేంది?"

"కొన్న కొత్తల తెల్ల నాలుగు. అటెన్క తెల్ల మూడు. మా అక్క పని నుంచి దిగినంక నల్ల రెండు. ఇప్పుడు కొన్నేండ్ల సంది తెల్ల రెండు."

సాబ్ చేతిలోని స్క్రూడ్రైవర్ ఆగింది. "దిగుకుంట దిగుకుంట వచ్చినవ్. నీ గొంతు దిగిందా?"

"నేను పాడ. వాయిస్తా, అంతే."

"మరి ఎవరికోసం దించినవ్?"

నా తమ్ముడు గడ్డంతో నన్ను చూపించాడు. "గీమెకోసం. గీమె అసుంటోళ్ళు ఇర్వై మంది ఉన్నరు."

"నాకోసమేందిరా?" అన్నాను. నాకు ముందు కోపమే వచ్చింది, నా పేరు మీద ఏదో అప్పు రాసినట్టు.

"మీ గుడిల ఇప్పుడు ఎవరు వాయిస్తరు?" అని సాబ్ అడిగాడు. కీబోర్డు సంగతి చెప్పాం. "ఆ పిల్ల ఏడికెళ్ళి ఎత్తుకుంటది?"

"తెల్ల నాలుగు కెళ్ళి. పుస్తకంల గట్లనే ఉన్నదట," అన్నాడు దేవదానం.

సాబ్ తెల్ల నాలుగు నొక్కి పట్టి, తిత్తి ఆడిస్తూ, "పాడు అమ్మా," అన్నాడు.

దుకాణం తలుపు తెరిచి ఉంది. బయట ఆటోలు, తాళంచెవుల ఆయన ఆకురాయి గరగర. నాకు సిగ్గు తక్కువ. పాడాను. పైకి వెళ్ళేచోట విరిగింది. ఆటో ఎక్కబోతున్న ఒకామె ఆగి లోపలికి చూసింది.

అప్పుడు దేవదానం పెట్టెను తనవైపు తిప్పుకున్నాడు. ఈస్టరు తర్వాత వాడు దాని మీద వేళ్ళు పెట్టడం అప్పుడే చూశాను. తెల్ల రెండు పట్టాడు. నా దిక్కు చూసి తల ఊపాడు, గుడిలో ఎన్నేళ్ళ నుంచో ఊపినట్టు.

పాడాను. పైకి వెళ్ళేచోటు వచ్చింది. భయపడ్డాను. వచ్చింది, దాటాను, అటువైపు దిగాను. వర్షాకాలంలో మా ఊరి ఒర్రెలో నీళ్ళు దాటినట్టు, అంత లోతేం లేదే అనుకుంటూ. ఎవరూ అడగకపోయినా రెండో చరణం కూడా పాడాను. తాళంచెవుల ఆయన ఆకురాయి ఆపాడు.

"గొంతుకు ఏం కాలే అమ్మా," అన్నాడు సాబ్. "మెట్టు మారింది, గంతే."

అక్కడున్న స్టూలు మీద కూర్చుండిపోయాను. ఈస్టరు నాడు ఒక్కసారిగా ముసలిదాన్నయ్యానని ఇన్ని నెలలు లోలోపల కుమిలిపోయాను. అది అబద్ధం. ఎన్నో ఏళ్ళుగా కొంచెం కొంచెంగా అవుతూనే ఉన్నాను. వీడు తెలియనివ్వలేదు. మా గొంతులు ఒక మెట్టు దిగితే పెట్టెను ఒక మెట్టు దించాడు, పాటలన్నీ మేమే పాడుతున్నామని మమ్మల్ని అనుకోనిచ్చాడు.

"ఇగ చెప్పు భాయ్. అమ్ముతవా?" అన్నాడు సాబ్.

"అమ్మడు," అన్నాను.

"నిన్నడగలే అమ్మా."

దేవదానం మెట్ల మీది దుమ్మును తువ్వాల కొసతో తుడుస్తున్నాడు. "అక్క చెప్పినంక ఇగ నేను చెప్పేదేమున్నది," అన్నాడు.

కొత్త కొక్కెం వేయించాం, దానికి డబ్బు తీసుకున్నాడు. గింజ తీసినదానికి తీసుకోలేదు. "గింజకు పైసలు తీసుకుంటే మా అమ్మ గోరీల నుంచి లేచి వచ్చి కొడుతది," అన్నాడు.

మొజంజాహీ మార్కెట్‌లో సీతాఫలం

ఆ సాయంత్రం మొజంజాహీ మార్కెట్‌కు నడిచి పోయి ఐస్‌క్రీం తిన్నాం. పెట్టె మా ఇద్దరి మధ్య బెంచీ మీద కూర్చుంది. సీతాఫలం ఐస్‌క్రీం చిన్న కప్పు ధర వింటే, మా గుట్టల మీద కోతులు తిని పారేసేది గుర్తొచ్చింది. కోతులు ఎంత షావుకార్లో మాకు తెలియలేదు. కానీ గింజలు తీసి, తియ్యటి కండ మాత్రమే వేసి ఇస్తారు. మా ఊళ్ళో గింజలు ఉమ్మడమే సగం పని.

"నాకెందుకు చెప్పలేదురా ఇన్నేండ్లు?"

"ఏమని చెప్పాలె? అక్కా, నీ గొంతు పడిపోతున్నదని చెప్పాల్నా? తంతుంటివి."

తన్నేదాన్నే. ఆ మాట ఒప్పుకున్నాను.

"మరి గ్రేస్‌కు చెప్పొచ్చు కదా, దించమని?"

"ఆ పిల్ల అడగలే."

"అడగకపోతే చెప్పవా? మేమంతా నోరు మూసుకుని కూసున్నం చూస్తలేవా?"

"చూసిన. పెట్టె లేదు కదా, ఇగ పాడబుద్ధి అయితలేదేమో అనుకున్న." చెంచాతో కప్పు అడుగు గీకుతూ అన్నాడు. "నాకోసం పాడుతలేరనుకున్న, అక్కా."

వాడి కోసం మేము మానేశామని వాడు, వయసు వల్ల మానేశామని మేము. ఎవరి మూల వాళ్ళు పట్టుకుని కూర్చున్నాం.

"అయినా అది కీబోర్డు," అన్నాడు మళ్ళీ. "చదువుకున్న పిల్ల. నేను పోయి చెప్తే బాగుంటదా?"

"నేను పండ్లు ఊడినంక పలక పట్టిన. నువ్వు ఒక్క మాట చెప్పలేవా? ఇంకొక్కసారి ఇగ నేనెందుకు అంటే ఈ కప్పు నీ నెత్తిన బోర్లిస్త."

ఇంకో కప్పు తెచ్చుకున్నాడు. వాడు అడిగి తినడం చూసి నాకు కడుపు నిండింది.

మంగళవారం తిరుగు ప్రయాణం. అదే కండక్టరమ్మ దొరికింది. మూటను చూసి, చెవి దగ్గర పెట్టి విన్నది. "దూడ సప్పుడు చేస్తలేదు?"

"బాగైంది," అన్నాడు నా తమ్ముడు. "ఇంటికి తీస్కపోతున్న."

మా గుడి

ఆ ఆదివారం ఆరాధనకు ముందే పోయాం. దేవదానం ఖాళీ చేతులతో పోయి కీబోర్డు పక్కన నిలబడ్డాడు. పెట్టె ఇంట్లోనే ఉంది, ఇప్పుడు దాన్ని వారం మధ్యలో ఇళ్ళల్లో జరిగే ప్రార్థనలకు తీసుకుపోతున్నాడు, కరెంటు పోయినా అది పోదు. తెల్ల రెండు సంగతి ఏం చెప్పాడో నాకు సగం వినపడింది. గ్రేస్ నుదుటి మీద చెయ్యి పెట్టుకుంది.

"అయ్యో తాతా, ముందే చెప్తే అయిపోతుండె. ఒక్క బటన్. వీళ్ళు పాడుతలేరని నేనే సరిగ వాయిస్తలేననుకుంటున్న ఇన్ని రోజుల నుంచి."

ఆమె మూలలో ఆమె కూడా కూర్చుంది అన్నమాట.

బటన్ నొక్కింది. చిన్న తెర మీద అంకె మారుతోంది. నా చాప మీద నుంచే చదివాను, ఈసారి తప్పు పోలేదు.

"మూడు మెట్లు దించిన తాతా. చాలునా?"

దేవదానం మా వైపు తిరిగాడు. ఆడవాళ్ళ వరసలు ఒక్కొక్కటే చూశాడు, ఎవరొచ్చారు, ఎవరు రాలేదు, ఎవరు ఎట్లా కూర్చున్నారు. నా పక్కన శాంతమ్మ చెవులకు మఫ్లర్ చుట్టుకుని దగ్గుతోంది.

"సలి మొదలైంది," అన్నాడు. "ఇంకొకటి దించు బిడ్డా."

పాట మొదలైంది. శాంతమ్మ అలవాటు ప్రకారం పెదవులు కదపబోయి, లోపలినుంచి గొంతు వచ్చేసరికి ఉలిక్కిపడి నా దిక్కు చూసింది. ఇదేంది అన్నట్టు. పాట మధ్యలో నేను హైదరాబాదు కథ చెప్పలేను కదా. పాడు అని సైగ చేశాను. పైకి వెళ్ళేచోటు వచ్చింది. ఇద్దరం వెళ్ళాం.